గుడ్డును కాపాడితే చాలదు

1947 జూన్ 18న ఆంద్రేస్ హెరేరా అనే మెక్సికన్ ఇంజనీరు తన దేశపు ఈశాన్య తీరం వెంట చిన్న విమానంలో వెతుకుతూ వెళ్లి, రాంచో న్యూవో అనే చోట తాను చూసినదాన్ని కెమెరాలో పట్టాడు. పట్టపగలు సముద్రంలోంచి తాబేళ్లు ఒకదాని మీద ఒకటిగా ఎక్కివస్తున్నాయి. ఇసుక కనబడడం లేదు. ఆ ఒక్క రోజు, ఆ ఒక్క తీరంలో దాదాపు 40,000 ఆడ తాబేళ్లు గుడ్లు పెట్టాయని ఆ చిత్రాన్ని చూసిన శాస్త్రవేత్తలు తరవాత అంచనా కట్టారు. అయితే ఆ చిత్రం 1961 దాకా వాళ్ల కంట పడనే లేదు. అప్పటివరకు కెంప్స్ రిడ్లీ అనే ఈ జాతి ఎక్కడ గుడ్లు పెడుతుందో శాస్త్రలోకానికి తెలియదు. సముద్ర తాబేళ్లకు జీవితం ధారపోసిన ఆర్చీ కార్ కూడా ఆ చోటు కోసం ఏళ్ల తరబడి వెతికాడు.

తెలిసేసరికి చాలా పోయింది. గుడ్లను తవ్వి మూటలు కట్టి అమ్ముకుపోయేవారు. 1966 నుంచి మెక్సికో ప్రభుత్వం ఆ తీరానికి కాపలా పెట్టింది. సైనికులు వచ్చారు, గుడ్లను కంచెల్లోకి మార్చారు, పిల్లల్ని లెక్కపెట్టి నీళ్లలోకి వదిలారు. 1978లో అమెరికా కూడా చేయి కలిపింది. అయినా సంఖ్య ఏటికేడు పడుతూనే వచ్చింది. 1985లో ఆ జాతి మొత్తానికి లెక్కకొచ్చిన గూళ్లు 702. ఒక్కో తల్లి సీజనులో రెండు మూడు సార్లు గుడ్లు పెడుతుంది గనక, మిగిలిన తల్లులు కొన్ని వందలే.

పంతొమ్మిదేళ్లు గుడ్లను కాపాడినా తల్లులు ఎందుకు తరిగిపోయాయి? సరీసృపాల రక్షణ చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదని నా అభిప్రాయం. దీనికి జవాబు వెతుకుతూ పోతే వాటి శరీర ధర్మం, ప్రవర్తన, మన చట్టాలు, మన తూర్పు తీరంలో మరబోట్ల వలలు అన్నీ ఒక్క దారిలోకే వస్తాయి.

ముందు శరీర ధర్మం. పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లు, న్యూజిలాండ్‌లో మిగిలిన టువటారా కలిపి ప్రపంచంలో 12,000కు పైగా సరీసృప జాతులు ఉన్నాయి. వీటిని శీతల రక్త జంతువులని బడిలో చదువుకున్నాం. నిజానికి మధ్యాహ్నం ఎండలో తిరిగే తొండ ఒళ్లు మన ఒంటికంటే చల్లగా ఏమీ ఉండదు. వేడిని లోపల తయారుచేసుకోకుండా బయటి నుంచి తీసుకోవడమే తేడా. ఆ ఒక్క తేడాతో వాటి బతుకు లెక్క మారిపోయింది. అంతే బరువున్న క్షీరదానికి కావలసిన తిండిలో ఇంచుమించు పదో వంతుతో అవి బతకగలవు. కరువు వస్తే కదలకుండా పడి ఉంటాయి. కొండచిలువ నెలల తరబడి తినకపోయినా చావదు.

తిండి ఖర్చు తక్కువ కాబట్టి ఎదుగుదలా నెమ్మదే. తాబేళ్లలో ఇది పరాకాష్ఠకు చేరింది. చిప్ప గట్టిపడ్డాక పెద్ద తాబేలును చంపగల శత్రువులు ప్రకృతిలో బహు తక్కువ. అందుకే వయసుకు రావడానికి పది, ఇరవై, ముప్పై ఏళ్లు ఆగగలవు, ఆ తరవాత దశాబ్దాల పాటు గుడ్లు పెట్టగలవు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం జంతుప్రదర్శనశాలల్లోని 52 తాబేలు జాతుల లెక్కలు చూసి, వాటిలో దాదాపు ముప్పాతిక వంతు జాతులకు వయసుతో పాటు చావు ముప్పు పెరగడం అతి స్వల్పమో, అసలు లేదో అని తేల్చింది. అమెరికాలోని మిషిగన్‌లో జస్టిన్ కాంగ్డన్ బృందం బ్లాండింగ్స్ తాబేళ్ల మీద దశాబ్దాల పాటు పని చేసింది. వయసు మళ్లిన తల్లులు పడుచు తల్లులకు ఏమాత్రం తీసిపోలేదు. పైగా వాటికంటే తరచుగా గుడ్లు పెట్టాయి.

ఇలాంటి జీవితంలో గుడ్లు పోవడం ముందే వేసుకున్న లెక్క. నక్కలు తవ్వుతాయి, పీతలు లాగుతాయి, అల ముంచుతుంది. వంద గుడ్లు పెట్టడమే అందుకు. పెద్ద తాబేలు పోవడం మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

1987లో డెబొరా క్రౌజ్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు ఎకాలజీ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అమెరికా ఆగ్నేయ తీరపు లాగర్‌హెడ్ తాబేళ్ల బతుకును గుడ్డు, పిల్ల, చిన్నది, పెద్దది, తల్లి అంటూ దశలుగా విడగొట్టి, ఏ దశలో చావును తగ్గిస్తే జాతి నిలుస్తుందో గణితంతో చూశారు. ఫలితం ఆనాటి రక్షణ పద్ధతి మొత్తాన్నీ కదిలించింది. మొదటి ఏడాది ఒక్క గుడ్డూ ఒక్క పిల్లా చావకుండా నూటికి నూరూ బతికినా జాతి క్షీణత ఆగదు. అదే, ఇంకా వయసుకు రాని పెద్ద తాబేళ్ల చావును కొంత తగ్గిస్తే చాలు, సంఖ్య మళ్లీ పైకి లేస్తుంది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ముందు ఇరవై ఏళ్ల ప్రమాదాలున్నాయి. పదిహేనేళ్లు బతికి బట్టకట్టిన తాబేలు ఆ ప్రమాదాలన్నీ దాదాపు దాటేసింది. అలాంటి దాన్ని పోగొట్టుకుని వంద పిల్లల్ని వదలడమంటే కాపుకొచ్చిన మామిడిచెట్టు నరికి టెంకలు నాటడమే.

ఆ పెద్ద తాబేళ్లను చంపుతున్నది రొయ్యల ట్రాల్ వలలు. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే జీవి. వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. అమెరికా 1980ల చివర టెడ్ అనే సాధనాన్ని రొయ్యల బోట్లకు తప్పనిసరి చేసింది. వల గొంతులో ఏటవాలుగా బిగించిన కమ్మీల చట్రం అది. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పక్కనున్న తలుపులాంటి చీలికలోంచి బయటపడుతుంది. ఆ తరవాతి ఏళ్లలో కెంప్స్ రిడ్లీ గూళ్లు పెరుగుతూ వచ్చి 2009లో 20,000 దాటాయి. 2010 నుంచి ఆ ఎదుగుదల ఆగి ఎగుడుదిగుడుగా సాగుతోంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. 1966 నుంచి కాపాడిన గుడ్ల పిల్లలే వయసుకొచ్చి 1990లలో తీరానికి తిరిగొచ్చాయి, టెడ్‌కు అంత గొప్ప ఆపాదించనక్కర్లేదు అని వాదించేవారున్నారు. ఆ వాదనలో నిజం ఉంది. కానీ ఆ పిల్లలు వయసుకు వచ్చేదాకా వలల్లో మునిగిపోకుండా ఉండాలి కదా. రెండూ కలిసే ఫలితమిచ్చాయి. మొదటి దాన్ని ఒంటరిగా నడిపినప్పుడు ఏం జరిగిందో 1985 నాటి అంకె చెబుతోంది.

మిగతా ప్రపంచం ఏమంటోంది? కెనడాలోని ఆల్గాన్‌క్విన్ పార్కులో 1972 నుంచి స్నాపింగ్ తాబేళ్ల మీద అధ్యయనం సాగుతోంది. 1980ల చివరి శీతాకాలాల్లో నీటికుక్కలు ఆ చెరువుల్లో నిద్రాణంగా ఉన్న పెద్ద తాబేళ్లను పెద్ద సంఖ్యలో చంపాయి. అది మనిషి చేసిన పని కాదు, కొద్ది ఏళ్లకు ఆగిపోయింది కూడా. కానీ రెండు దశాబ్దాలకు పైగా గడిచినా ఆ తాబేళ్ల సంఖ్య కోలుకోలేదని 2018లో ప్రచురించారు. నీళ్లు బాగున్నాయి, తిండి ఉంది, గుడ్లూ పెడుతున్నాయి, అయినా ఖాళీ పూడలేదు. ఆ రాష్ట్రం ఒంటారియో 2017లో ఆ తాబేళ్ల వేటనే ఆపేసింది. రోడ్లదీ అదే కథ. గుడ్లు పెట్టడానికి చెరువు దాటి రోడ్డెక్కేది ఆడవే కాబట్టి, అమెరికాలో రద్దీ రోడ్లు ఎక్కువున్న చోట చెరువుల్లో మగ తాబేళ్లే ఎక్కువ మిగిలాయి.

దీనికి ఎదురు వైపు నుంచి వచ్చే సాక్ష్యం ఇంకా బలమైనది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో 1971లో ఉప్పునీటి మొసళ్ల వేటను నిషేధించేనాటికి మిగిలినవి ఓ 3,000. ఇప్పుడు లక్ష దాకా ఉన్నాయి. ఈ పెరుగుదల గుడ్లను కాపాడి సాధించింది కాదు. 1980ల నుంచి అక్కడ ఏటా వేల గుడ్లను చట్టబద్ధంగా ఏరి, పొదిగించి, తోలు కోసం పెంచుతున్నారు. ఆ గుడ్లలో ఎక్కువ భాగం ఎలాగూ వరదల్లో మునిగి పోయేవే. గుడ్ల డబ్బు ఆదివాసులతో సహా భూమి హక్కుదారులకు చేరుతుంది. కాబట్టి మనుషుల్ని చంపగల జంతువు తమ చిత్తడి నేలల్లో ఉండడానికి వాళ్లకొక కారణం ఉంది. పెద్ద మొసలి జోలికి పోకపోతే గుడ్లు తీసినా జాతి పెరుగుతుందని దీనికంటే స్పష్టంగా చూపిన చోటు లేదు. కోస్టారికాలోని ఓస్టియోనాల్‌లో కూడా 1980ల నుంచి ఆలివ్ రిడ్లీ మూకుమ్మడిగా గుడ్లు పెట్టే తొలి గంటల్లో ఊరివాళ్లు గుడ్లు తీసుకోవచ్చు. మొదట పెట్టినవాటిని తరవాత వచ్చే తల్లులే తవ్వి పాడుచేస్తాయి గనక.

అలాగని గుడ్డు లెక్కలోకి రాదనుకుంటే ఇంకో గోతిలో పడతాం. మలేసియాలోని తెరెంగాను తీరం ఆ పాఠం నేర్పింది. 1950లలో అక్కడ తోలుచిప్ప తాబేళ్ల గూళ్లు ఏటా 10,000 దాకా ఉండేవి. గుడ్లన్నీ దాదాపు ఏమీ మిగల్చకుండా బజారుకు పోయేవి. అయినా తల్లులు రావడం ఆగలేదు కాబట్టి ఏ నష్టమూ లేదనుకున్నారు. దీర్ఘాయువు చేసే మోసం అదే. పాత తల్లులు ముప్పై నలభై ఏళ్లు వస్తూనే ఉంటాయి, వాటి వెనక రావలసిన తరం లేదన్న సంగతి అవి చనిపోయేదాకా బయటపడదు. దానికి సముద్రంలో వలల చావులు తోడయ్యాయి. ఈ శతాబ్దం మొదలయ్యేసరికి ఆ తీరానికి ఏటా వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేంత.

మన దేశం ఈ ప్రశ్నను మొసళ్లతో ఎదుర్కొంది. 1975లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో మొసళ్ల పథకం మొదలుపెట్టింది. సలహాదారుగా హెచ్. ఆర్. బస్టర్డ్ వచ్చాడు. మొసళ్ల పెంపకంలో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థను మన హైదరాబాదులోనే పెట్టారు. పద్ధతి ఏమిటంటే, నదిలో గుడ్లు ఏరి, పొదిగించి, పిల్లలు మీటరుకు పైగా పెరిగేదాకా తొట్లలో పెంచి, తిరిగి నదిలో వదలడం. మూడు జాతులకూ అదే పద్ధతి. ఫలితాలు మాత్రం మూడు తీర్లు. ఒడిశా భితర్‌కనికలో 1975లో నూరు లోపున్న ఉప్పునీటి మొసళ్లు ఇప్పుడు 1,700 దాటాయి. మంచినీటి మొసలి కూడా కుదురుకుంది, మంజీరలో ఇవాళ కనబడే మొసళ్ల వెనక ఆ పథకమే ఉంది. మూడో జాతి ఘరియాల్ మాత్రం నిలబడలేదు. చంబల్ నదిలోకి వేల పిల్లల్ని వదిలినా, 2006 నాటికి దేశం మొత్తంలో గుడ్లు పెట్టే వయసున్న ఘరియాళ్లు 200 లోపే తేలాయి. మరుసటి ఏడు దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. ఆ శీతాకాలంలోనే చంబల్‌లో నూరుకు పైగా ఘరియాళ్లు మూత్రపిండాలు చెడి చచ్చి తేలాయి.

ఎందుకీ తేడా? భితర్‌కనికలో మడ అడవి మొత్తం రక్షణలోకి వచ్చింది. మంచినీటి మొసలి చెరువైనా కాలువైనా సర్దుకుంటుంది. ఘరియాల్‌కు మాత్రం లోతైన పారే నీరు, ఇసుక ఒడ్డు, చేపలు, వలలు లేని నది కావాలి. ఆనకట్టలు కట్టి నీరు తోడుకుని, ఇసుక తవ్వి, వలలు పరిచి, ఆ నదిలోకి తొట్టిలో పెరిగిన పిల్లల్ని వదిలితే అవి పెద్దవయ్యే దారేది? మన పథకం పిల్లల్ని తయారుచేసింది, నదిని బాగుచేయలేదు. ఘరియాల్ విషయంలో ఇది చాలా ఖరీదైన పాఠం. అది ఇంకా పూర్తిగా నేర్చుకోలేదని ఇసుక లారీలు చూస్తే తెలుస్తుంది.

పెద్ద జంతువు అంటే గుడ్లు పెట్టే యంత్రం మాత్రమే కాదు. ఈ సంగతి శాస్త్రానికి కూడా ఆలస్యంగానే అర్థమైంది. సరీసృపాలకు బుద్ధి లేదు, బంధం లేదు అన్న అభిప్రాయం గత నలభై ఏళ్ల పరిశీలనల ముందు నిలవలేదు. తల్లి మొసలి గుడ్డులోపలి పిల్లల పిలుపు విని గూడు తవ్వుతుంది, వాటిని నోట్లో పెట్టుకుని నీళ్లకు చేరుస్తుంది. చంబల్‌లో మగ ఘరియాల్ అనేక తల్లుల పిల్లల్ని వందల సంఖ్యలో ఒక్కచోట చేర్చుకుని కాపలా కాస్తుంది, వీపు మీద మోస్తుంది. చెన్నై దగ్గరి మద్రాస్ మొసళ్ల పార్కులో మంచినీటి మొసళ్లు ముట్టె మీద పుల్లలు పెట్టుకుని కొంగల గూళ్ల కింద కదలకుండా ఉండడాన్ని గమనించి 2013లో ప్రచురించారు. గూటికి పుల్ల కోసం దిగిన కొంగ వాటికి ఆహారం. ముఖ్యంగా పక్షులు గూళ్లు కట్టే కాలంలో ఇలా చేస్తాయట. మన తూర్పు కనుమల్లోనూ ఉన్న రాచనాగు ఎండుటాకులు పోగేసి గూడు కట్టి, గుడ్లకు కాపలా ఉంటుంది. పాముల్లో గూడు కట్టేది అదొక్కటే. దక్షిణ ఆస్ట్రేలియాలో మైకేల్ బుల్ దశాబ్దాల పాటు వెంబడించిన స్లీపీ లిజార్డ్‌లలో కొన్ని జంటలు ప్రతి వసంతంలో ఒకదాన్నొకటి వెతుక్కుని కలుస్తూ ఇరవై ఏళ్లకు పైగా గడిపాయి.

ఒక నదిలోంచి ముసలి ఘరియాళ్లు పోతే గుడ్ల సంఖ్యతో పాటు పిల్లలకు కాపలా కూడా పోతుంది. వదిలిన పిల్లలతో ఆ లోటు తీరాలంటే అవి పదిహేను ఇరవై ఏళ్లు బతకాలి.

గుడ్డు వైపు కథలో కూడా ఒక పెద్ద మలుపు ఉంది. 1966లో సెనెగల్ రాజధాని డకార్‌లో మడెలిన్ షార్నియే అనే పరిశోధకురాలు తొండ జాతికి చెందిన ఒక బల్లి గుడ్లను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పొదిగించి, పిల్ల ఆడా మగా అన్నది వేడిని బట్టి మారుతోందని గమనించింది. చాలా ఏళ్లు ఆ మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు తెలిసింది, సముద్ర తాబేళ్లన్నిటికీ, మొసళ్లన్నిటికీ అదే పద్ధతి. సముద్ర తాబేళ్లలో ఇసుక సుమారు 29 డిగ్రీలుంటే ఆడా మగా సమంగా వస్తాయి. అంతకంటే వేడైతే ఆడవి, చల్లనైతే మగవి. మొసళ్లలో మధ్యస్థ వేడికి మగవి, అటూ ఇటూ ఆడవి. టువటారాలో తిరగబడి, వేడికి మగవే పుడతాయి. పొదిగే కాలంలో నడిమి మూడో వంతులో ఇది నిర్ణయమవుతుంది.

ఈ విషయం తెలియకముందు ఎంతోమంది మంచి మనసుతో గుడ్లను థర్మోకోల్ పెట్టెల్లో పొదిగించారు. ఆ పెట్టెలు ఇసుకకంటే చల్లగా ఉంటాయి. కెనడా శాస్త్రవేత్త నికొలస్ మ్రోసోవ్‌స్కీ 1980ల మొదట్లో హెచ్చరించాడు, మీరు వదులుతున్న పిల్లల్లో ఎక్కువ మగవే అని. ఇప్పుడు ముప్పు అటునుంచి ఇటు తిరిగింది. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్లను పరీక్షించి 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, పెద్దవాటిలో ఆడవి 87 శాతం, పిల్ల వయసువాటిలో 99 శాతం పైన. ముసలి తరానికీ కొత్త తరానికీ మధ్య ఉన్న ఆ తేడాలోనే వేడెక్కుతున్న ఇసుక కనిపిస్తోంది. ఒక మగ తాబేలు అనేక ఆడవాటితో కలవగలదు కాబట్టి రేపే ఆపద లేదు. కానీ 99 దగ్గర ఆగుతుందన్న హామీ కూడా లేదు. పైగా వేడి ఇంకా పెరిగితే గుడ్డులోనే పిల్ల చస్తుంది. కాబట్టి ఇకమీదట గుడ్ల రక్షణ అంటే కంచె కట్టడం మాత్రమే కాదు. ఏ లోతున ఎంత వేడి ఉందో నమోదు చేయడం, అవసరమైన చోట నీడ వేయడం కూడా. థర్మామీటరు లేని హేచరీ ఎలాంటి పిల్లల్ని వదులుతోందో దానికే తెలియదు.

అన్ని సరీసృపాలూ నెమ్మది జీవులని కూడా అనుకోకూడదు. మడగాస్కర్‌లో లాబోర్డ్ ఊసరవెల్లి ఎనిమిది తొమ్మిది నెలలు గుడ్డులో ఉండి, బయటికొచ్చాక నాలుగైదు నెలలే బతుకుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఆ జాతి మొత్తం మట్టికింద గుడ్ల రూపంలోనే ఉంటుంది. దానికి గుడ్డున్న నేలే సర్వస్వం. ఇంటి బల్లి, తొండ లాంటివి త్వరగా వయసుకొచ్చి దెబ్బలు తట్టుకుంటాయి. పిల్లల్ని పెంచి వదలడం వృథా అనడమూ తప్పే. గాలపగోస్‌లోని ఎస్పన్యోలా దీవి తాబేళ్లు పదిహేను మాత్రమే మిగిలితే వాటి సంతానాన్నే రెండు వేల దాకా పెంచి వదిలారు. 2020లో ఆ పని పూర్తయిందని ఆ పదిహేను పెద్దవాటినీ దీవికే పంపారు. అక్కడ గెలవడానికి కారణం, తాబేళ్ల తిండిని మేసేసే మేకలను దీవిలోంచి పూర్తిగా తొలగించడం. కరీబియన్‌లోని ఆంటిగ్వా రేసర్ అనే పాము 1995లో ఓ యాభై దాకా ఉండేది. దీవుల్లో ఎలుకల్ని తీసేశాక వెయ్యి దాటింది. చంపేదేదో తెలుసుకుని దాన్ని తొలగించిన చోట గెలిచాం. అలా చేయని చోట యాంగ్‌ట్సీ మెత్తచిప్ప తాబేలుకు పట్టిన గతే పడుతుంది. చివరికి చైనాలోని సుజౌ జూలో ఒక జంటను కలిపి ఏటా గుడ్లు పొదిగించినా ఒక్కటీ పిల్ల కాలేదు. 2019లో ఆ ఆడది చనిపోయింది.

2022లో నేచర్ పత్రిక ప్రచురించిన ప్రపంచ సరీసృపాల అంచనా 10,196 జాతులను పరిశీలించి 21 శాతానికి అంతరించే ముప్పుందని చెప్పింది. తాబేళ్లలో అది 58 శాతం, మొసళ్లలో సగం. ఆలస్యంగా వయసుకొచ్చి ఎక్కువ కాలం బతికే రెండు వర్గాలే అన్నిటికంటే ముందు కూలుతున్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు.

అక్రమ రవాణా కూడా ఎక్కువగా గుడ్లను కాదు, బతికున్న జంతువులనే తీసుకుపోతుంది. రాయలసీమ మెట్ట పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలును గోతాల్లో విమానాశ్రయాలకు మోసేవారి వల్ల, 2019లో దాన్ని వ్యాపారం నిషేధించే అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో చేర్చాల్సి వచ్చింది. రెండుతలల పాము ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయన్న అబద్ధాన్ని నమ్మి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ నిరపాయమైన పామును పట్టి తూకమేసి అమ్మచూస్తున్నారు. అది ఎలుకల కన్నాల్లో బతికే రైతు నేస్తం.

పాముల విషయం వేరే రకం. వాటిని చంపేది డబ్బాశ కంటే భయం, ఆ భయం అకారణం కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వరి పొలంలో ఒట్టికాళ్లతో నడిచే కూలీకి, నేల మీద పడుకునే బిడ్డకు ఉన్న ఆ ముప్పు తగ్గించకుండా పామును చంపొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. టార్చిలైటు, గట్టి చెప్పులు, దోమతెర, మండల ఆస్పత్రిలో విరుగుడు మందు, అది వాడగల డాక్టరు: ఇవే పాముల రక్షణకు మొదటి మెట్టు. ఆ మందుకు కావలసిన విషం ఎక్కువ భాగం తమిళనాడులోని ఇరుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకప్పుడు తోలు కోసం పాముల్ని పట్టిన ఇరులలు 1978 నుంచి విషం తీసి, కొన్ని వారాల తరవాత పామును తిరిగి అడవిలో వదులుతున్నారు. వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన యానాదులకూ ఇలాంటి నేర్పు తరతరాలుగా ఉంది. దానికి ఇలాంటి గౌరవమైన బతుకుతెరువు మనం ఇంకా కల్పించలేదు.

ఇప్పుడు మన తీరం. జనవరి నుంచి మార్చి దాకా ఇచ్ఛాపురం నుంచి తడ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డెక్కుతాయి. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, మత్స్యకార యువకులు గుడ్లను ఏరి హేచరీల్లో పొదిగించి పిల్లల్ని వదులుతున్నారు. ఆ యువకులు రాత్రంతా తీరం వెంట నడుస్తారు, ఆ శ్రమ విలువైనది. కానీ అవే వారాల్లో ఒంటి మీద గాయం లేని పెద్ద తాబేళ్లు ఉబ్బి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. 2025 జనవరిలో చెన్నై తీరంలో అవి వందల సంఖ్యలో తేలినప్పుడు దేశమంతా చూసింది. సముద్రంలో చచ్చినవన్నీ ఒడ్డుకు రావు కాబట్టి కనిపించే కళేబరాలు అసలు లెక్కలో కొంతే.

మన మత్స్యకారులు తాబేలును కూర్మావతారంగా చూస్తారు, శ్రీకూర్మం ఉన్న తీరం ఇది. తాబేలును చంపాలని ఎవరూ వేటకు పోరు. గంటల తరబడి నీటి అడుగున ఈడ్చే ట్రాల్ వల దాన్ని ముంచేస్తుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న నియమం రాష్ట్ర చట్టంలో ఉంది. తాబేళ్లు గుడ్లకు ముందు గుమిగూడేది కూడా ఒడ్డుకు దగ్గరి నీళ్లలోనే. ఆ నియమాన్ని అమలు చేస్తే చిన్న పడవల వాళ్ల చేపలూ మిగులుతాయి, తాబేళ్లూ మిగులుతాయి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. అది చేపల సంతతి కోసం పెట్టిన గడువు. అప్పటికి తాబేళ్ల కాలం దాదాపు అయిపోతుంది. ఒడిశా తన ధామ్రా, దేవి, రుషికుల్యా నదీముఖాల దగ్గర నవంబరు నుంచి మే చివరి దాకా 20 కిలోమీటర్ల లోపు వేట ఆపుతోంది. మనకు అంత పెద్ద నిషేధం అవసరం లేకపోవచ్చు. గోదావరి, కృష్ణా, నాగావళి, వంశధార ముఖాల దగ్గర జనవరి నుంచి మార్చి దాకా కొద్దిపాటి నీళ్లలో ట్రాలింగ్ ఆపి, ఏప్రిల్ నిషేధానికి ఇచ్చే భృతి లాంటిదే ఆ బోట్ల వాళ్లకూ ఇవ్వాలి.

టెడ్ కొత్త సంగతేమీ కాదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగిన నమూనా ఎప్పుడో తయారుచేసింది, రొయ్యల నష్టం స్వల్పమని తేల్చింది కూడా. టెడ్ లేని దేశాల సముద్రపు రొయ్యను అమెరికా కొననంటే భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998 తీర్పులో అమెరికా తన నియమాన్ని అందరికీ సమంగా అమలు చేయలేదని తప్పుపట్టారు గానీ, తాబేళ్లను కాపాడే ఉద్దేశాన్ని తప్పుపట్టలేదు. ఆ కేసు వేసిన దేశాల్లో ఒకటైన మన దేశంలో టెడ్ ఇప్పటికీ వలల్లో నిలకడగా కనబడదు, సముద్రపు రొయ్యకు అమెరికా తలుపులు మూసుకునే ఉన్నాయి. మన చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యకు ఆ నిబంధన వర్తించదు కాబట్టి ఎగుమతిదారులకు ఈ నొప్పి పెద్దగా తెలియడం లేదు. నొప్పంతా మరబోటు యజమానిది. అలాంటప్పుడు చట్రం ఖర్చు అతని మీదే వేస్తే అతను దాన్ని విప్పి ఒడ్డున పడేస్తాడు. ఖర్చు ప్రభుత్వం భరించి, కొలతలు సరిచూసి, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం జెట్టీల్లో బోటు బయలుదేరే ముందే తనిఖీ చేయాలి.

గుడ్ల లెక్క అటవీశాఖ దగ్గర ఉంది, వలల అధికారం మత్స్యశాఖ దగ్గర ఉంది. ఏటా మార్చి చివర ఎన్ని గుడ్లు సేకరించారు, ఎన్ని పిల్లల్ని వదిలారు అన్న అంకెలు పత్రికల్లో వస్తాయి. ఆ పక్కనే అదే మండలంలో, అదే నెలల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్లెన్ని, వాటిలో ఆడవెన్ని, ఆ వారం ఆ నీళ్లలో ఎన్ని బోట్లు వల లాగాయి అన్న అంకెలు కూడా రెండు శాఖలూ కలిసి అచ్చువేయాలి. తీరం వెంట రాత్రంతా నడిచే ఆ యువకులు కళేబరాలను ఎలాగూ చూస్తున్నారు. వాళ్ల చేతికి ఒక పుస్తకం, ఒక టేపు ఇస్తే వచ్చే జనవరి నుంచే ఆ లెక్క మొదలవుతుంది.